శేషయ్య భయం

మా మనవడు కొండచిలువను పెంచుతున్నాడన్న సంగతి మా అమ్మాయి మాకు తెలియనివ్వకుండా ఏడు నెలలు దాచింది. దాచక ఏం చేస్తుంది? వాళ్ళమ్మ సంగతి దానికి తెలుసు. మీద బల్లి పడితే తలంటు పోసుకునే మనిషి. 2023 వేసవిలో మేమిద్దరం డాలస్ వెళ్ళటానికి టిక్కెట్లు కొన్నాం. ఇక వెనక్కి తగ్గటానికి వీల్లేదని నిశ్చయం చేసుకున్నాకనే అది ఫోనులో విషయం బయట పెట్టింది.

"చిన్నదే నాన్నా! మూడడుగులు కూడా ఉండదు. గాజుపెట్టెలో ఉంటుంది. దానికే మనుషులంటే చచ్చేంత భయం."

"దానికి భయమైతే మనకెందుకే భయం?" అన్నాను నిబ్బరంగా. వనపర్తికీ డాలస్‌కీ మధ్య ఉన్న దూరం మనిషికి అంతపాటి నిబ్బరం ఇస్తుంది.

పామంటే మాకు కొత్తేం కాదు. నేను పుట్టింది గద్వాల పక్కన, కృష్ణకూ తుంగభద్రకూ నడుమనున్న నడిగడ్డలో. ఉద్యోగం చేసిందీ, ఇల్లు కట్టుకుందీ వనపర్తిలో. మా చిన్నతనంలో రాతిగోడల ఇళ్ళు. గోడ సందుల్లో ఎవరి వాటా వాళ్ళది: తేళ్ళది తేళ్ళకు, పాములది పాములకు. అయితే మా ఊరివాళ్ళకు తెలిసిన సర్పశాస్త్రమంతా రెండు ముక్కల్లో ఉండేది. పడగ ఉంటే దండం పెట్టాలి, పడగ లేకపోతే కర్ర తీసుకోవాలి. కొండచిలువకు పడగ లేదు. పైగా దాన్ని గురించి మా నాయనమ్మ చెప్పిన కథలు కొన్ని ఉన్నాయి. ఇరవై గజాల నుంచి మేకను ఊపిరితో లాగేసుకుంటుందట. మింగింతరువాత చెట్టుకు చుట్టుకుని లోపలి ఎముకలు పటపటా విరగ్గొట్టుకుంటుందట. ఇవేవీ నిజం కావని పుస్తకాలు చెబుతాయి. కానీ పుస్తకాలకంటే ముందు చెప్పింది నాయనమ్మ కదా!

పురాణాలు మాత్రం తక్కువ తిన్నాయా? నహుషుడు అగస్త్యుడి శాపంతో కొండచిలువై భీముణ్ణే చుట్టేసి పట్టుకున్నాడు. ధర్మరాజు వచ్చి ప్రశ్నలన్నిటికీ జవాబులు చెబితేగాని వదల్లేదు. సంస్కృతంలో దాని పేరే అజగరం, మేకను మింగేది అని అర్థం. ఈ మేక సంగతి కాస్త జ్ఞాపకం ఉంచుకోండి.

డాలస్‌లో మనవడి గదిలో నాలుగడుగుల గాజుపెట్టె, ఒక కొసన పైన దీపం, రెండు కొసలా రెండు గుహల్లాంటి బొమ్మలు, నీళ్ళ గిన్నె. పాము కనపడలేదు. వాడు గుహ మూత మెల్లిగా ఎత్తి చూపించాడు. లోపల ముదురు గోధుమరంగు మచ్చల బంతి ఒకటుంది. తల ఎక్కడుందో తెలియదు. భయం వేస్తే ఒళ్ళంతా ఉండ చుట్టుకుని, తల మధ్యలో దాచుకోవటం ఈ జాతి లక్షణమట. అందుకే దీన్ని బాల్ పైథాన్ అంటారు. పశ్చిమ ఆఫ్రికా, మధ్య ఆఫ్రికా దీని పుట్టిల్లు. ఎంత పెరిగినా అయిదడుగులు దాటటం అరుదు. జాగ్రత్తగా పెంచితే ఇరవై, ముప్పై ఏళ్ళు బతుకుతుందట. ఆ చివరి ముక్క విని మా ఆవిడ కుర్చీలో కూలబడింది.

వాడు దానికి పెట్టిన పేరు నూడుల్. "ఆదిశేషుడి వంశంలో పుట్టినవాడికి అదేం పేరురా?" అని మా ఆవిడ శేషయ్య అని పిలవటం మొదలుపెట్టింది. గుమ్మం దాటి లోపలికి రాకుండానే నామకరణం చేసిందన్న మాట! నాలుగు రోజుల్లో మా అల్లుడితో సహా అందరికీ అదే పేరు అలవాటయింది.

ఈ శేషయ్యతో వచ్చిన చిక్కేమిటంటే, చెయ్యి పెడితే చాలు బుసకొడతాడు. కుక్కరు కూత వెయ్యబోయే ముందు సన్నగా వస్తుందే, ఆ చప్పుడు. మెడ వంకీలు తిప్పి వెనక్కి లాక్కుని కాటుకు సిద్ధంగా ఉంటాడు. అంతకు ముందు పెంచినవాళ్ళు ఇల్లు మారుతూ వదిలించుకున్న పామట. ఎన్ని చేతులు మారిందో తెలియదు. పైగా మేము వెళ్ళేసరికి ఏడు వారాలుగా ముద్ద ముట్టలేదు. నెలల తరబడి ఉపవాసం ఉండటం ఈ జాతికి వింత కాదని వాడు చదివాడు గాని, వాళ్ళమ్మ చదవలేదు. ఆగస్టులో స్కూళ్ళు తెరిచేలోగా పాము మచ్చికైతే సరి, లేకపోతే వాపసు ఇచ్చెయ్యాలని గడువు పెట్టింది.

నా చిక్కు వేరు. వాడికి పన్నెండేళ్ళు. వాడికొచ్చిన తెలుగు "తాతా, తిన్నావా?" దగ్గర ఆగిపోతుంది. నా ఇంగ్లీషు ముప్పై అయిదేళ్ళు లెక్కల మాస్టరుగా హాజరు పట్టీలో రాసిన ఇంగ్లీషు. వాడు స్కూలు నుంచి రావటం, నన్ను చూసి నవ్వటం, గది తలుపు వేసుకోవటం. ఆరు నెలలు ఇంతే అయితే ఇంత దూరం వచ్చి ఏం లాభం? ఆ తలుపు తెరిపించటానికి నాకు కనపడ్డ దారి శేషయ్య ఒక్కడే.

"నాకు నేర్పుతావురా?" అన్నాను.

వాడు నా చేతులకేసి చూసి, "ముందు చేతులు కడుగు తాతా" అన్నాడు.

అది మొదటి పాఠం. కొండచిలువకు పెదవుల వెంట చిన్న చిన్న గుంటలుంటాయి. వెచ్చటి ఒళ్ళు దగ్గరికొస్తే చీకట్లో కూడా వాటితో కనిపెడుతుంది. చేతికి ఎలుకవాసన ఉండి, ఆ చెయ్యి వెచ్చగా ఉంటే దాని దృష్టిలో అది చెయ్యి కాదు, భోజనం. పామును దించింతరువాత కూడా చేతులు కడగాలి. పాకే జంతువుల ఒంటిమీద మనకు సరిపడని క్రిములుంటాయి. మా ఇంట్లో మడీ ఆచారమూ ఇంత శ్రద్ధగా ఎవరూ పాటించలేదు.

మొదటి వారం పామును ముట్టుకోనే లేదు. పెట్టెను బాగుచేశాం. దీపం కింద ఎంత వేడుందో కొలిచి చూస్తే, ముప్పై రెండు డిగ్రీలుండవలసిన చోట ఇరవై ఏడు ఉంది. దాన్ని సరిచేశాం. గాజుకు మూడు పక్కలా నల్లకాగితం అంటించాం. నాలుగు పక్కలా జనం కనపడుతుంటే నాకే అన్నం సయించదు, దానికెలా సయిస్తుంది? ఆ తరువాత రోజూ సాయంత్రం పెట్టె పక్కన కుర్చీ వేసుకుని నేను పుస్తకం, వాడు హోంవర్కు. పామును మచ్చిక చెయ్యటమంటే సగం పని ఊరికే కూర్చోవటమేనని నాకప్పుడు తెలిసింది. పింఛనుదారుకు ఇంతకంటే తగిన పని ఏముంటుంది?

తొమ్మిదో రోజున తిన్నాడు. అసలు తినేదేమిటంటే చచ్చిన ఎలుక. దుకాణంలో గడ్డకట్టించి అమ్ముతారు. దాని కోసం గరాజులో వేరే చిన్న ఫ్రిజ్ ఉంది. మా ఆవిడ ఐస్‌క్రీము కోసమని దాన్ని తెరవటం, ఆ తరువాత ఇంట్లో జరిగిన సంభాషణ ఇక్కడ అప్రస్తుతం. ఎలుకను వేడినీళ్ళలో వెచ్చబరిచి, పొడుగాటి పటకారుతో అందిస్తే శేషయ్య విసురుగా అందుకుని చుట్టేశాడు. ఊపిరాడకుండా చంపుతుందని మనమనుకుంటాం గాని, ఆ బిగింపుకు ముందు ఆగేది రక్తప్రసారమట. బోవా అనే జాతి మీద 2015లో ఒక పరిశోధనలో తేల్చారని వాడు చెప్పాడు. తిన్నాక రెండు రోజులు దాని జోలికి పోకూడదు. కదిపితే, భయపెడితే, తిన్నది కక్కేస్తుంది.

ఇక ఎత్తటం. పైనుంచి చెయ్యి దించకూడదు. గద్దలూ డేగలూ వచ్చేది పైనుంచే. పక్కనుంచి వెళ్ళాలి. ముందు కాగితం చుట్టతో ఒంటిమీద మెల్లగా తాకాలి, 'ఇది తిండివేళ కాదయ్యా' అని చెప్పటానికి. తరువాత ఒక చెయ్యి నడుము కింద, ఒక చెయ్యి ఇంకాస్త వెనకాల. తల పట్టుకోకూడదు, గట్టిగా నొక్కకూడదు. కింద ఆధారం లేకపోతే పడిపోతానని దానికి భయం. కన్ను నీలంగా పాలమబ్బు కమ్మినట్టుంటే కుబుసం విడిచే రోజులని అర్థం. అప్పుడు ముట్టుకోకూడదు.

ఇన్ని చెప్పి వాడు చివర్లో ఒకటి చెప్పాడు. "నెమ్మదిగా వెళ్ళు, కానీ ఆగకు."

ఇదే అన్నిటికంటే కష్టం. చెయ్యి ముందుకు పోతుంది, శేషయ్య బుస్సుమంటాడు, చెయ్యి వెనక్కి వస్తుంది, మళ్ళీ పోతుంది. ఇలా వచ్చీపోయే చెయ్యిని చూస్తే పాము బెదిరిపోతుంది. తనను వేటాడబోయేది కూడా అలాగే తటపటాయిస్తుంది కదా! కొత్తగా వచ్చిన మాస్టరు సుద్దముక్క పట్టుకుని తరగతి గుమ్మంలో తారట్లాడితే పిల్లలు ఏం చేస్తారో నేను ఎన్నోసార్లు చూశాను. లోపలికి వచ్చాడంటే తిన్నగా బల్ల దాకా రావాలి. నేనూ అలాగే వెళ్ళాను. చల్లగా, పొడిగా, పట్టుబట్టలాగా ఉంది ఒళ్ళు. జిగటగా ఉంటుందనుకునేవాళ్ళు ఎన్నడూ పామును తాకనివాళ్ళే. నా చేతుల్లో ఒక్క క్షణం బిగుసుకుని ఉండ చుట్టుకున్నాడు. నేను కదల్లేదు. గడియారంలో నాలుగు నిమిషాలు. అప్పుడు ఆ ఉండలోంచి తల బయటికి వచ్చింది, వెనకే నాలుక. నాలుక గబగబా ఆడితే కంగారు, తాపీగా ఆడితే కుతూహలం. తాపీగానే ఆడింది.

మనవడు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. "నువ్వంటే ఇష్టం కాదు తాతా. నువ్వంటే భయం పోయింది. అంతే, దానికి అదే చాలా ఎక్కువ" అన్నాడు, సగం తెలుగూ సగం ఇంగ్లీషూ కలిపి. వాడు నాతో మాట్లాడిన అతి పొడుగాటి వాక్యం అది.

రోజు విడిచి రోజు పది నిమిషాలు చొప్పున ఆగస్టుకల్లా శేషయ్య నా ముంజేతికి చుట్టుకుని టీవీ చూసే స్థితికి వచ్చాడు. అమ్మాయి గడువు ఎత్తేసింది. మా ఆవిడ గుమ్మంలోంచి గదిలోకి రెండడుగులు వేసింది. మూడో అడుగు వెయ్యలేదు లెండి.

ఇది చదివి మీ పిల్లలెవరైనా సరదా పడతారేమో గనక ఒక మాట. మన దేశంలో మన కొండచిలువను పెంచటం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది, పులితో సమానంగా. చంపినా, పట్టి ఉంచుకున్నా మూడేళ్ళ నుంచి ఏడేళ్ళ దాకా జైలు. శేషయ్య లాంటి విదేశీ జాతులు పెంచేవాళ్ళు 2024లో వచ్చిన నిబంధనల ప్రకారం ప్రభుత్వం దగ్గర నమోదు చేయించుకోవాలి. నన్నడిగితే అసలు వద్దనే అంటాను. అమెరికాలోనే చూడండి, మోజు తీరినవాళ్ళు వదిలేసిన బర్మా కొండచిలువలు ఫ్లారిడా చిత్తడినేలల్లో పెరిగి అక్కడి కుందేళ్ళనూ రకూన్లనూ ఊడ్చిపెట్టేశాయి. వాటిని పట్టటానికి 2017లో తమిళనాడు నుంచి ఇరుల తెగవాళ్ళనిద్దరిని విమానంలో పిలిపించుకున్నారు. కొద్ది రోజుల్లోనే పదమూడింటిని పట్టి చూపించారు వాళ్ళు.

మేము తిరిగొచ్చిన మరుసటి ఏడు, 2024 నవంబరులో, మా ఊళ్ళో వరికోత. జూరాల కుడికాలువ నీళ్ళు మా చిన్నాయన కొడుకు పొలానికి అందుతాయి. జొన్నా, వేరుశనగా తప్ప ఎరగని నేలలో వరి వచ్చింది. వరితో ఎలుకలు, ఎలుకలతో పాములు. నేను కోత చూడ్డానికని వెళ్ళాను. పొద్దున తొమ్మిదింటికి కోతమిషను టక్కున ఆగింది. డ్రైవరు పైనుంచే కేకేశాడు.

దాదాపు తొమ్మిదడుగులుంటుంది. గట్టువార సగం కోసిన వరిలో పడుకుని ఉంది, నడుం దగ్గర పొట్ట ఉబ్బెత్తుగా. అరగంటలో ఊరు ఊరంతా గట్టుమీదుంది. అందరి చేతుల్లో సగం కర్రలు, సగం సెల్‌ఫోన్లు. "కొట్టి సంపుండ్రి, ఇడిస్తే రేపు పోరగాండ్లను మింగుతది" అని ఒకరు. "లక్ష్మి వచ్చినట్టు, కొట్టొద్దు" అని ఇంకొకరు. వీళ్ళందరినీ తోసుకుని ఒక ఆడమనిషి ముందుకొచ్చింది. రాత్రి నుంచి ఆమె మేకపిల్ల కనపడటం లేదు. ఆ పొట్టకేసి చూసింది. ఇంకెవరూ ఏమీ చెప్పనక్కరలేకపోయింది.

మా తమ్ముడు అటవీశాఖ వాళ్ళకూ, పాములు పట్టటం నేర్చిన వనపర్తి కుర్రాడికీ ఫోను చేశాడు. వాళ్ళు రావాలంటే గంటకు పైమాటే. ఆ గంట ఎవరు కాయాలి? నేను పాముకూ జనానికీ మధ్యన గట్టుమీద నిలబడ్డాను. చట్టం సంగతి చెప్పాను. ఆమె నన్నే చూస్తూ అడిగింది:

"దాన్ని సంపితే జైలంటవ్ సారు. నా మ్యాకను సంపినందుకు దానికేముంది?"

ముప్పై అయిదేళ్ళ సర్వీసులో నన్ను ఏ విద్యార్థీ ఇలాంటి ప్రశ్న అడగలేదు. ధర్మరాజైతే ఏం చెప్పేవాడో! నేను మాత్రం, "అది కడుపు నిండి కదల్లేక పడుకుంది. భయంతో చస్తోంది. దూరం జరగండి, దాని జోలికి పోవద్దు" అన్నాను. పెద్దవాళ్ళు జరిగారు. కుర్రాళ్ళు జరగలేదు. ఫోనులో బొమ్మ బాగా రావాలని ఒకడు వెనకనుంచి వెళ్ళి కర్రతో తోకమీద పొడిచాడు.

అదే బుస, అదే మెడ వంకీ. శేషయ్యదే, పదింతలు చేసి చూపించినట్టుంది. జనం హోరుమని వెనక్కి ఉరికారు. పాము మాత్రం మీదికి రాలేదు. ఒళ్ళంతా అలలు అలలుగా కదిలింది, నోరు తెరుచుకుంది, మింగింది బయటికి వచ్చేసింది. పారిపోవాలంటే బరువు దించుకోవాలి కదా! మేకపిల్ల తడిసి ముద్దయి, కాళ్ళు వెనక్కి చాచి, నిద్రపోతున్నట్టు గట్టుమీద పడింది. తెల్లటి మచ్చ నుదుటిమీద ఇంకా కనపడుతూనే ఉంది.

ఆమె చేతిలో కర్ర ఉంది. కొట్టలేదు. చాలాసేపు చూసింది.

"దీనికీ దక్కకపాయె, నాకూ దక్కకపాయె" అంది.

ఆ తరువాత పాము దగ్గరికి ఎవరూ పోలేదు. పొడిచిన కుర్రాడు ఎటు పోయాడో కనపడలేదు.

వనపర్తి కుర్రాడు వచ్చాడు. పాతికేళ్ళుంటాయి. మోటారుసైకిలు దిగి జనాన్ని చూడలేదు, పామును చూశాడు. అటవీశాఖ వాళ్ళూ వచ్చారు. పాము నీరసంగా ఉంది గాని భయంతో బిర్రబిగిసి ఉంది. ఒక తడిగోనె తెచ్చి మెల్లగా తలమీద కప్పాడు. కన్నుకు రెప్ప లేని ప్రాణికి చీకటి మనమే ఇవ్వాలి. పక్కనుంచి వంగి, దవడ వెనకాల పట్టీపట్టనట్టు పట్టుకున్నాడు. ఇంటి పాముకు తల వదిలెయ్యాలి గాని, అడవిపాముకు ఆ ఒక్కటి మాత్రం తప్పదు.

"వెనక ఇంకో మనిషి కావాలె. ఎవరన్నా వస్తారా?" అన్నాడు.

గట్టుమీద నూటయాభై మంది ఉన్నారు. నేను చేతులు కాలువలో కడుక్కుని వెళ్ళాను. నడుము కింద ఒక చెయ్యి, ఇంకాస్త వెనక ఇంకో చెయ్యి. నెమ్మదిగా వెళ్ళాను, ఆగలేదు. శేషయ్య బరువు ఒక కొబ్బరికాయంత ఉంటుందేమో. ఇది నిండు బిందె. నా ముంజేతి చుట్టూ తోక ఒక చుట్టు వేసి బిగించింది. వేళ్ళు తిమ్మిరెక్కాయి. నేను బిగించలేదు. కాసేపటికి అదీ వదులు చేసింది.

"సారుకు అలవాటుంది" అన్నాడు కుర్రాడు.

"మా మనవడు నేర్పాడు" అన్నాను.

గుడ్డసంచిలోకి తోక ముందు జారింది, తల చివర. అసలైతే పట్టినచోటికి దగ్గర్లోనే వదలటం పాముకు మంచిదని ఆ కుర్రాడు అన్నాడు. దానికి తెలిసిన నేల, తెలిసిన నీళ్ళు. కానీ చుట్టూ మిషన్లు తిరుగుతున్న పొలాలు, కర్రలున్న జనం. నల్లమలలో వదలమని పై నుంచి ఫోను వచ్చింది. జీపు బీచుపల్లి దగ్గర కృష్ణ దాటి, పెబ్బేరు మీదుగా వనపర్తి చేరింది. నేను మా ఇంటిముందు దిగిపోవలసినవాణ్ణి. దిగలేదు. మా ఆవిడ గేటు దగ్గర నిలబడి జీపులోని సంచిని చూసి, "శేషయ్యగారి పెద్దనాన్నా?" అని మాత్రం అడిగి, మంచినీళ్ళ సీసా అందించింది.

బిజినేపల్లి, నాగర్‌కర్నూలు, అచ్చంపేట. అక్కడినుంచి దారి కొండెక్కుతుంది. మన్ననూరు దాటి అడవిలోకి కొంచెం దూరం వెళ్ళేసరికి పొద్దు వాలింది. ఒక వాగువార, బండల పక్కన సంచి దించి, మూతి విప్పి, ఇరవై గజాలు వెనక్కి వచ్చి నిలబడ్డాం.

పాము రాలేదు. అయిదు నిమిషాలు, పది నిమిషాలు. జీపు డ్రైవరు విసుక్కుని, "సంచి దులిపితే పోతుంది కదా" అన్నాడు. "దాని ఇష్టం" అన్నాడు వనపర్తి కుర్రాడు, బండమీద కూర్చుంటూ. నేనూ కూర్చున్నాను. ఈ పని నాకు బాగా వచ్చు. ఈలోగా అతన్ని ఒకటి అడిగాను, ఆడపాము గుడ్ల చుట్టూ చుట్టుకుని వణుకుతూ వాటిని వెచ్చబెడుతుందంటారు, చూశావా అని. చూశానన్నాడు. రెండు నెలలు తిండి లేకుండా అలాగే ఉందట. దగ్గరికి పోలేదట.

ఆ శనివారం పెబ్బేరు సంతలో మేకపిల్లను కొని మా తమ్ముడితో ఆమెకు పంపించాను. ధర ఎంతో మా ఆవిడకు ఇంతవరకూ తెలియదు. ఈ పత్రిక వస్తే తెలుస్తుంది.

వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. సంచి మూతి దగ్గర గుడ్డ కదిలింది. ముందు నాలుక కనపడింది. తాపీగానే ఆడుతోంది. తరువాత తల, ఆ తరువాత తొమ్మిదడుగులూ తొందర లేకుండా బండల సందులోకి వెళ్ళిపోయాయి. కుర్రాడు వెళ్ళి సంచి మడిచి జీపులో వేశాడు. అడుగున నాలుగు వరిగింజలు, కాస్త మేకబొచ్చు ఉన్నాయి.